చీతా తిండి తెలిసినచో మందకు కావలి తేలిక

మందలో నుండి ఒక మేకపిల్లయో, లేగదూడయో పోయినపుడు కాపరికి కలుగు కష్టము ఇంతింత కాదు. ఏడాది పెంపకము, సంతలో రావలసిన ధర, తీర్చవలసిన అప్పు, అన్నియు ఆ ఒక్క పశువుతో ముడిపడి యుండును. అట్టి సమయమున కాపరికి కోపము వచ్చుట సహజము. ఆ కోపము న్యాయమైనది కూడ. కాని దానిని ఎవరిమీద చూపవలెనో నిర్ణయించుటకు ముందు ఒక ప్రశ్న వేసికొనవలెను. పశువును చంపిన జంతువు ఏది? అది ఏ వేళ వచ్చినది? మందలో మరి యే పశువును ముట్టక దీనినే ఏల పట్టినది?

మృగము ఏమి తినునో, ఎట్లు వేటాడునో తెలిసినచో మందను కాపాడుకొనుట సులభము. తెలియనిచో తుపాకి ఎన్నిసార్లు పేల్చినను నష్టము ఆగదు. ఈ మాటకు చీతా చరిత్రయే మంచి సాక్ష్యము.

చీతా నేడు ఆంధ్ర, తెలంగాణ అడవులలో లేదు. అయినను దీని సంగతి మన పశుపాలకులకు రెండు కారణములచే పనికివచ్చును. మొదటిది: 2022 నుండి మన దేశమున మధ్యప్రదేశ్‌లోని కూనో అడవిలో చీతాలను మరల నెలకొల్పుచున్నారు. ఆ చుట్టుపట్ల గ్రామముల మేకలు, దూడలు వాటి కంటబడుచున్నవి. రెండవది: ఆఫ్రికా ఖండమునకు నైరుతి మూలనున్న నమీబియా దేశపు రైతులు చీతాలు తిరుగు బీళ్ళలోనే పశువులను మేపుచు కొన్ని పాఠములు నేర్చుకొనిరి. చిరుతపులి, తోడేలు, ఊరకుక్కల బెడద ఉన్న మన మందలకు కూడ ఆ పాఠములు ఉపకరించును. నమీబియాలోని చీతాలలో నూటికి తొంబదిపాళ్ళు అభయారణ్యములలో కాక రైతుల భూములలోనే తిరుగుచున్నవి. కనుక ఈ విషయము నేర్చుటకు ఆ దేశమే తగిన బడి.

చీతా వేరు, చిరుతపులి వేరు

మనలో చాలామంది ఈ రెండు జంతువులకు ఒకే పేరు వాడుదురు. మచ్చలు కనబడినచో చాలును, అంతయు చిరుతయే అనుకొందురు. ఈ పొరపాటు చిన్నది కాదు. రెంటి తిండి వేరు, వేట వేరు, మందపై పడు తీరు వేరు.

చిరుతపులి మచ్చలు పూలరేకుల వలె గుత్తులు గుత్తులుగా ఉండును. చీతా మచ్చలు నల్లని గుండ్రని బొట్లు. చీతా ముఖముపై కంటి కొన నుండి నోటివరకు కన్నీరు కారినట్లు నల్లని చార దిగును. చిరుతపులి బలిసిన మెడ, పొట్టి కాళ్ళు, బలమైన దవడ గలది. చెట్టెక్కును, పొదలో నక్కును, చచ్చిన పశువును పండ్లతో పట్టి కొమ్మమీదికి ఈడ్చుకొనిపోగలదు. చీతా సన్నని నడుము, పొడవైన కాళ్ళు, చిన్న తల గలది. పెరిగిన చీతా సాధారణముగా 35 నుండి 60 కిలోల వరకు తూగును. దాని గోళ్ళు పిల్లిగోళ్ళవలె పూర్తిగా లోపలికి ముడుచుకొనవు. పరుగులో నేలను పట్టుటకు కుక్కగోళ్ళవలె కొంత బయటనే ఉండును. అందుచే దాని అడుగుజాడలో గోటి గుర్తులు కనబడును. చీతా గాండ్రించలేదు. పక్షివలె కిచకిచలాడును, పిల్లివలె గురగురలాడును.

ఒక్క మాటలో చెప్పవలెనన్న, చిరుతపులి పొంచి పట్టు దొంగ, చీతా తరిమి పట్టు దొంగ. మందను కాయువాడు ఈ భేదమును మరువరాదు.

వేట సాగు తీరు

చీతా ముఖ్యముగా పగటివేటగాడు. తెల్లవారిన తరువాత, సాయంకాలము ఎండ తగ్గిన తరువాత ఎక్కువగా వేటాడును. వెన్నెల రాత్రులలో కూడ వేటాడుట కలదు. పుట్టమీదనో, వాలిన చెట్టుమీదనో నిలిచి దూరము పరికించును. గుంపునకు ఎడముగా నున్నదానిని, పిల్లను, ఏమరుపాటున మేయుచున్నదానిని ఎంచుకొనును. గడ్డిలో వంగి వంగి వీలైనంత దగ్గరకు చేరి, అప్పుడు ఒక్కసారి దూకును.

దాని వేగమును గూర్చి కథలు చాల కలవు. బోట్స్వానా దేశమున అయిదు చీతాల మెడకు యంత్రములు గట్టి 367 పరుగులను కొలిచి 2013లో ఫలితములు ప్రకటించిరి. వాటిలో కనబడిన అత్యధిక వేగము గంటకు 93 కిలోమీటర్లు. కాని చాల వేటలలో ఆ వేగమును అందుకొనలేదు. అందులో సగమునకు కొంచెము మించిన వేగముతోనే పని ముగించినది. సగటు పరుగు 173 మీటర్లు మాత్రమే. ప్రతి నాలుగు పరుగులలో ఇంచుమించు ఒక్కటి మాత్రమే ఫలించినది. గెలుపు వట్టి వేగము వలన కాక, వేగమును చటుక్కున తగ్గించి మలుపు తిరుగగల నేర్పు వలన వచ్చుచున్నదని ఆ కొలతలు తేల్చినవి.

జింకను అందుకొన్న వెంటనే చీతా ముందుకాలి లోపలివైపున ఉన్న కొక్కెమువంటి గోటితో దాని తొడనో, డొక్కనో లాగి పడద్రోయును. పడినదాని గొంతు పట్టి ఊపిరి ఆడకుండ కొన్ని నిమిషములు బిగించును. దాని కోరలు చిన్నవి, దవడ బలము తక్కువ. ఎముక విరిచి చంపు శక్తి దానికి లేదు. వేట ముగిసిన తరువాత వెంటనే తినలేక రొప్పుచు కూర్చుండును. పరుగులో ఒళ్ళు కాగిపోవుటచే చీతా వేట మానునని పూర్వము అనుకొనెడివారు. 2013లో వెలువడిన మరొక పరిశోధన ఆ మాట నిజము కాదని చూపినది. ఒంటి వేడి పరుగులో కాక పరుగు ముగిసిన తరువాత పెరుగుచున్నది. వేట దొరికినపుడు మరింత పెరుగుచున్నది. తన తిండిని ఎవరు లాగుకొందురో అను బెదురే ఇందుకు కారణము కావచ్చునని ఆ పరిశోధకులు తలచిరి.

ఏమి తినును, ఏమి వదలును

చీతాకు ఇష్టమైన తిండి నడితరపు జింకలు. ఇంచుమించు 23 నుండి 56 కిలోల వరకు తూగు జంతువులను అది ఎక్కువగా పట్టుచున్నట్లు ఆఫ్రికాలోని అనేక ప్రాంతముల వేటలను కలిపి చూచినవారు తేల్చిరి. తూర్పు ఆఫ్రికాలోని సెరెంగెటి మైదానములో థామ్సన్ జింకయు, దక్షిణమున ఇంపాలా, స్ప్రింగ్‌బోక్ అను జింకలును దాని ముఖ్యాహారము. కుందేళ్ళు, నేలపై తిరుగు పక్షులు, పెద్ద జింకల పిల్లలు కూడ తినును. ఒకే ఈతలో పుట్టిన మగచీతాలు రెండు మూడు జట్టుగా తిరిగి, ఒంటరి చీతా పట్టలేని పెద్ద జంతువులను పడగొట్టుట కలదు. ఆడచీతా మగతోడు లేకయే పిల్లలను పెంచును. దానికి పిల్లలు ఉన్నపుడు వేట ఇంచుమించు దినచర్యయే.

రోజు ఒక్కింటికి సగటున రెండు మూడు కిలోల మాంసము దానికి చాలును. తినుట మాత్రము త్వరత్వరగా తినును. వెనుక తొడలు, జబ్బలు, వీపు కండలు, పక్కటెముకల మాంసము తిని, తోలు, వెన్నెముక, పేగులు చాలవరకు వదలును. దుమ్ములగొండివలె ఎముకలు నమలలేదు. కుళ్ళిన మాంసమును తినుట అరుదు. ఒకసారి విడిచిన కళేబరమునకు మరల వచ్చుట కూడ అరుదు. చిరుతపులి అట్లు కాదు. దాచిన మాంసమునకు అది మరునాటి రాత్రి తిరిగి వచ్చును.

చీతా ఇంత త్వరపడుటకు కారణము భయము. సింహము, దుమ్ములగొండి, చిరుతపులి వచ్చి దాని నోటికాడి కూడు లాగుకొనును. సెరెంగెటిలో అది చంపిన పది జంతువులలో ఇంచుమించు ఒకటి ఇట్లు పోవుచున్నది. చీతా ఎదిరించి పోరాడదు. కాలు విరిగిన చీతా పరుగెత్తలేదు. పరుగెత్తలేని చీతాకు కూడు లేదు. కనుక దెబ్బ తగులునను అనుమానము కలిగినంతనే తప్పుకొని పోవును.

రైతు గుర్తుంచుకొనవలసినది ఇదియే. చీతాకు పారిపోవు జంతువు కావలెను. నిలిచి తలపడు జంతువును చూచినచో అది వెనుదీయును. మందకు కావలి యంతయు ఈ ఒక్క సూత్రముపై కట్టుకొనవచ్చును.

తుపాకి చేయలేని పని

నమీబియా రైతులు పెద్ద కమతములలో పశువులను, గొర్రెలను మేపుదురు. ఆ భూములలో సింహములను, దుమ్ములగొండ్లను పూర్వమే చాలవరకు తుడిచిపెట్టిరి. తన కూడు లాగుకొను శత్రువులు లేకపోవుటయు, జింకలు ఉండుటయు చీతాకు అనుకూలించినది. దూడలు పోవుటతో రైతులు చీతాను పగబట్టిరి. 1980ల దశకమున ఏటా వందల చీతాలను కాల్చిరి, లేదా బోనులు పెట్టి పట్టిరి. పదేళ్ళలో ఆ దేశపు చీతాలు ఇంచుమించు సగమునకు తగ్గినవి.

అంత చంపినను దూడలు పోవుట ఆగినదా? ఆగలేదు. కారణము విచారింపదగినది. మగచీతాలు కొన్ని చెట్లవద్దకు మాటిమాటికి వచ్చి గుర్తులు వదలును. రైతులు ఆ చెట్ల క్రిందనే బోనులు పెట్టిరి. ఆ చెట్టువద్దకు వచ్చు ప్రతి చీతాయు బోనులో పడినది. దూడను తిన్నది ఏది, తిననిది ఏది అను విచారణ లేదు. పాత మగచీతా పోయినచో ఖాళీయైన ఆ చోటికి కొత్తవి వచ్చి చేరినవి. ఒక దొంగను పట్టలేక వీధిలోని వారినందరిని కొట్టినచో దొంగతనము ఆగునా?

చీతాల పెంటికలను ఏరి పరీక్షించినపుడు మరొక సంగతి బయటపడినది. వాటిలో కనబడిన వెంట్రుకలు అత్యధికముగా అడవిజంతువులవి. పశువుల, గొర్రెల వెంట్రుకలు నూటికి పదిపాళ్ళకు లోపే. చీతా పశువును ముట్టదని దీని అర్థము కాదు. ముట్టును. పోయిన దూడ రైతుకు పోయినదే. కాని తనకు నచ్చిన తిండి దొరుకునంతవరకు పశువు దానికి ముఖ్యాహారము కాదని మాత్రము రుజువైనది. జింకలను వేటాడి బీడును ఖాళీ చేసిన చోట మిగిలిన తిండి మందయే. ఎలుకమీద కోపముతో ఇల్లు తగులబెట్టుకొనుట యనగా ఇదియే.

నమీబియా రైతు పద్ధతులు

1990లో లారీ మార్కర్ అను ఆమె నమీబియాలో చీతా సంరక్షణ నిధి అను సంస్థను స్థాపించిరి. ఆ సంస్థ రైతుల ఇంటింటికి తిరిగి వారి నష్టములను విని, ఆ తరువాతనే సలహాలు చెప్పినది. ఆ సలహాలలో ముఖ్యమైనవి ఇవి.

ఒకటి, కావలికుక్క. 1994 నుండి టర్కీ దేశపు కంగాల్, అనటోలియా జాతి కుక్కలను రైతులకు ఇచ్చుచున్నారు. ఈ కుక్క మందను తోలు కుక్క కాదు, మందతోపాటు బ్రతుకు కుక్క. తల్లిపాలు మరచిన చిన్నతనముననే దానిని మేకలతో, గొర్రెలతో కలిపి ఉంచవలెను. అది వాటినే తన కుటుంబమని ఎంచును. మృగము వచ్చినపుడు మందకు, మృగమునకు నడుమ నిలిచి గట్టిగా మొరుగును. దెబ్బకు వెరచు చీతా సాధారణముగా అంతటితోనే వెనుదిరుగును. నష్టము బాగుగా తగ్గినదని ఈ కుక్కలను పెంచిన రైతులలో అధికసంఖ్యాకులు తెలిపిరి. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగిన సామెత మనకు కలదు. దొంగ రాకముందే మొరుగు కుక్కను తయారుచేయుటయే ఈ పద్ధతి.

రెండు, ఈనిక కాలమును కట్టుదిట్టము చేయుట. ఏడాది పొడుగునను ఒకటొకటిగా ఈనినచో ఏడాది పొడుగునను లేగలు చీతాకు దొరుకును. ఆవులన్నియు రెండు మూడు నెలలలో ఈనునట్లు ఆబోతును కలిపినచో కాపలా కాయవలసిన కాలము చిన్నదగును. అడవిజింకలు కూడ పిల్లలు పెట్టు కాలమున ఈనినచో మృగమునకు వేరే తిండి దండిగా ఉండును.

మూడు, చూడి ఆవులను, లేగలను ఇంటి దగ్గరి దొడ్లలో ఉంచుట. చీతా ఎక్కువగా పట్టునవి ఆరు నెలలలోపు దూడలు. ఆ ఆరు నెలలు గడిపించినచో గండము చాలవరకు గడచినట్లే.

నాలుగు, కొమ్ములున్న, దూడకొరకు తిరుగబడు ఆవులను మందలో ఉంచుట. నమీబియాలో బ్రామన్ జాతి పశువులు చాల కలవు. ఇది అమెరికాలో మన ఒంగోలు, గిర్, కాంక్రెజ్ మొదలగు జాతుల రక్తముతో తయారైన జాతి. దూడను కాచుకొనుటలో ఈ ఆవులు గట్టివని పేరు. మన ఊరి ఆవు లక్షణమే అక్కడి బీళ్ళలో చీతాను ఆపుచున్నది. కొందరు రైతులు లేగలున్న మందలో గాడిదలను కూడ కలిపి తోలుదురు. గాడిద పారిపోక తిరుగబడి తన్నును.

అయిదు, మేతబీడును మార్చుట. ఇది ఇటీవల తెలిసిన సంగతి. బెర్లిను నగరపు శాస్త్రజ్ఞులు నమీబియాలో వందకు పైబడిన చీతాల మెడకు యంత్రములు గట్టి వాటి రాకపోకలను గుర్తించిరి. పరిసరముల చీతాలన్నియు కొన్ని నియమిత స్థలములకు, అనగా ఆ గుర్తుచెట్లు ఉన్న చోట్లకు, మరల మరల వచ్చుచున్నవని తెలిసినది. ఊరికి రచ్చబండ యెట్లో చీతాలకు అది అట్టిది. లేగలు గల మందలను ఆ చోట్లనుండి దూరముగా మేపగా దూడల నష్టము నూటికి 86 పాళ్ళు తగ్గినదని 2020లో ప్రకటించిరి. ఒక్క తూటా కాల్చలేదు, ఒక్క బోను పెట్టలేదు. అదే రైతు, అదే బీడు. మంద నిలిచిన చోటు మాత్రమే మారినది. మృగము నడవడి తెలియుట వలన కలుగు లాభమునకు ఇంతకంటె మంచి ఉదాహరణ లేదు.

కళేబరము చెప్పు సాక్ష్యము

పశువు చచ్చినచోట మొదట చేయవలసిన పని అరచుట కాదు, పరికించుట. గ్రామాధికారులు, పశువైద్యులు ఈ గుర్తులను తెలిసికొనుట మిక్కిలి అవసరము.

చీతా చంపినచో గొంతుపై దగ్గర దగ్గరగా చిన్న కోరగంట్లు ఉండును. తొడమీదనో, డొక్కమీదనో ఒకటి రెండు గోటిచీరికలు ఉండును. కళేబరము పడిన చోటనో, దగ్గరి నీడలోనో ఉండును. తోలు, వెన్నెముక, పేగులు మిగులును. చిరుతపులి చంపినచో గొంతుపైనో మెడపైనో లోతైన గంట్లు, వీపుమీద, భుజముల మీద గోళ్ళ చారలు ఉండును. ఈడ్చుకొనిపోయిన జాడ నేలపై కనబడును. పెద్ద ఎముకలు విరిచి నమిలినచో దుమ్ములగొండిని అనుమానింపవలెను. ఒకే రాత్రి చాల జీవాలు గాయపడి, తొడలు, చెవులు, తోకలు పీకబడి, తిన్నది కొంచెమే అయినచో అది ఊరకుక్కల పని కావచ్చును.

అన్నిటికంటె ముఖ్యమైన పరీక్ష ఒకటి కలదు. గంటు ఉన్నచోట తోలు ఒలిచి చూడవలెను. తోలుక్రింద నెత్తురు కమిలి గడ్డకట్టి ఉన్నచో పశువు బ్రతికి ఉండగనే కరవబడినది. కమలినచో జాడ లేనిచో పశువు రోగముచేతనో, పాముకాటుచేతనో, ఈనలేకనో ముందే చచ్చినది, మృగము తరువాత వచ్చి తిన్నది. రోగముతో చచ్చినదానిని మృగము ఖాతాలో వ్రాసినచో మందలో మిగిలినవాటికి టీకా వేయుట ఆలస్యమగును. నష్టపరిహారము కొరకు వ్రాసిన ఒక తప్పు పంచనామా వలన మందయంతయు పోవచ్చును.

కాపరి పక్షమున ఒక మాట

ఈ సలహాలన్నియు చెప్పువారికి సులభము, చేయువారికి ఖర్చు. ఈ ఆక్షేపణను తోసివేయుటకు వీలులేదు. వేల ఎకరముల నమీబియా కమతదారుడు దొడ్డి కట్టగలడు. ఇరువది మేకలు గల బీదకాపరి కుక్కకు రోజు పెట్టవలసిన కూడు ఎక్కడినుండి తెచ్చును? కావలికుక్కలు పాముకాటుచే చచ్చుట, మందను విడిచి జింకల వెంట పడుట నమీబియాలో కూడ కలదు. వాటికి శిక్షణ కావలెను, టీకాలు కావలెను.

కనుక నా అభిప్రాయము ఇది. మృగమును కాపాడుట దేశమునకు మేలైనచో ఆ మేలునకు అయ్యెడి ఖర్చును ఒక్క కాపరి నెత్తిన పెట్టరాదు. పరిహారము త్వరగా అందవలెను. నెలల తరబడి తిరుగవలసిన పరిహారము పరిహారము కాదు, రెండవ నష్టము. అయితే పరిహారము ఒక్కటే చాలదు. డబ్బు పోయిన మేకకు వచ్చును గాని పోబోవు మేకను ఆపదు. దొడ్డికి కంపయో, వలయో, కుక్కపిల్లయో ఇచ్చుటకు చేయు ఖర్చు మంచి పెట్టుబడి. పరిహారము పొందినవాడు దొడ్డిని బాగుచేసికొనుట కూడ అంతే న్యాయము. కంచె లేని చేను గొడ్ల పాలైనపుడు గొడ్డును మాత్రమే తిట్టి లాభమేమి?

కోపముతో కళేబరముపై పురుగుమందు చల్లుట మాత్రము ఎన్నటికిని చేయరాదు. దానిని తిని చచ్చునవి రాబందులు, నక్కలు, మన ఊరి కుక్కలు. దొడ్డిచుట్టు కరెంటు తీగ పరచుట వలన మనుష్యులు కూడ చచ్చుచున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము ఇట్టి వన్యమృగములను చంపుట నేరము. నేరము మాట అటుంచినను, నమీబియా అనుభవమును బట్టి చూచినచో అది నిష్ఫలము.

మన దేశమున చీతా

మన దేశపు చీతా కథ కూడ తిండి కథయే. దాని ముఖ్యాహారము కృష్ణజింక. మైదానములలో కృష్ణజింకల మందలు ఉన్నన్నాళ్ళు చీతా ఉన్నది. మొగలు చక్రవర్తులు, తరువాత సంస్థానాధీశులు చీతాలను పట్టి మచ్చిక చేసి, కండ్లకు గంతలు గట్టి బండ్లమీద తీసికొనిపోయి కృష్ణజింకలపై వదలెడివారు. మచ్చికలో చీతాలు పిల్లలు పెట్టుట మిక్కిలి అరుదు. కనుక వేటకు కావలసిన ప్రతి చీతాను అడవినుండియే పట్టవలసి వచ్చినది. మైదానములు సేద్యమునకు వచ్చినవి, జింకలు తగ్గినవి, చీతాయు తగ్గినది. 1947లో నేటి ఛత్తీస్‌గఢ్‌లోని కొరియా సంస్థానపు రాజు ఒక రాత్రి మూడు మగచీతాలను కాల్చెను. 1951లో మన చిత్తూరు జిల్లాలో ఒక చీతా కనబడినట్లు మరుసటి సంవత్సరము ఒక ప్రకృతిశాస్త్ర పత్రికలో నమోదైనది. ఆ జిల్లా అప్పుడు మద్రాసు రాష్ట్రములో ఉండెను. 1952లో చీతా మన దేశమున నశించినదని ప్రభుత్వము ప్రకటించినది.

చీతా మనుష్యులను చంపునను భయము కొందరికి కలదు. మన దేశచరిత్రలో చీతా వలన మనిషి చనిపోయినట్లు నమోదైనది ఒక్కటే. అది కూడ మన ప్రాంతముననే, 1880లో విశాఖపట్టణము ప్రాంతమున, విజయనగరము రాజావారి మచ్చికచీతా వేటలో ఒక ఆంగ్ల అధికారిని గాయపరచుట వలన జరిగినది. అడవిచీతా మనిషిని చూచి తొలగును.

2022 సెప్టెంబరు 17న నమీబియా నుండి ఎనిమిది చీతాలు, 2023 ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికా నుండి పన్నెండు చీతాలు కూనోకు వచ్చినవి. అక్కడ వాటికి ముఖ్యాహారము చుక్కలదుప్పి. దుప్పులు తగినన్ని ఉన్నచోట చీతా అడవిలో నిలుచును. తక్కువైనచోట, లేదా తనకు తావు వెదకికొనుచు తిరుగునపుడు, పొలములలోనికి వచ్చును. 2025 మార్చిలో షియోపూర్ జిల్లాలో ఒక తల్లిచీతా పిల్లలతో వచ్చి దూడను పట్టగా గ్రామస్థులు రాళ్ళు రువ్విరి. దూడ పోయినవారి బాధను కాదనలేము. కాని అచ్చట కావలసినది రాయి కాదు. దుప్పులు నిండిన అడవి, ముళ్ళకంప గట్టిగా వేసిన దొడ్డి, పగటిపూట మందవెంట మనిషి, వెంటనే వచ్చు అధికారి, ఈ నాలుగును కావలెను. చీతా వచ్చినపుడు ఏమి చేయవలెనో ఊరివారికి చెప్పుటకు చీతామిత్రులు అను పేరుతో గ్రామస్థులను వందలసంఖ్యలో తయారుచేయుట మంచి ఆరంభము.

మన కాపరులకు

కృష్ణజింక ఆంధ్రప్రదేశ్‌కు, చుక్కలదుప్పి తెలంగాణకు రాష్ట్రజంతువులు. చీతా తినెడి రెండు జంతువులును మన ఇంటివే. చీతా మన చేలకు రేపే వచ్చునని నేను చెప్పుట లేదు. కాని గొర్రెలమందను ఎరువుకొరకు పొలమున పడుకొనబెట్టు కాపరికి తోడేలు రేపే రావచ్చును. కొండక్రింద దొడ్డికి చిరుతపులి నేడే రావచ్చును. చీతాను గూర్చి చెప్పిన సూత్రమునే వీటికిని పట్టించి చూడవలెను. తోడేలు తరిమి పట్టునది, కనుక మేతలో మంద చెదరకుండ చూడవలెను, రాత్రి వల బిగువుగా కట్టవలెను, కుక్కలు ఒకటికి రెండు ఉండవలెను. చిరుతపులి పొంచి దూకునది, కనుక దొడ్డికి గోడ ఒక్కటే చాలదు, పైకప్పు కావలెను, చుట్టును పొదలు నరికి వెలుతురు ఉంచవలెను. ఒక్క మందు అన్ని రోగములకు పనిచేయనట్లే ఒక్క కావలి అన్ని మృగములకు పనిచేయదు.

పైరుకు పురుగు పట్టినపుడు ఏ పురుగో చూడక మందు కొట్టు రైతును మనము తెలివిగలవాడని అనము. పురుగు ఏ ఆకు తినునో, ఏ వేళ తినునో తెలిసినవాడే పైరును దక్కించుకొనును. మందను కాచుట కూడ అట్టి సేద్యమే. ఈసారి దొడ్డిలో పశువు పోయినచో కఱ్ఱ పట్టుటకు ముందు దీపము పట్టి కళేబరమును చూడుడు, నేలపై జాడను చూడుడు, పశువైద్యుని పిలువుడు. దొంగ ఎవరో తెలిసిన తరువాత తలుపు ఎక్కడ బిగించవలెనో తానే తెలియును.